మీకు తెలుసా? ఏళ్ల తర్వాత మళ్లీ కాక్‌పిట్‌లోకి

నెహ్రూ ప్లేస్‌లో ముచ్చటపడి కొన్న జాయ్‌స్టిక్ అటకెక్కి ఎన్నాళ్లయింది? చదువు, ఉద్యోగం, పిల్లల మధ్య యుద్ధ విమానాల సిమ్యులేటర్‌ని మరిచిపోయి, ఇప్పుడు నోయిడాలోనో ద్వారకలోనో మళ్లీ ఎగరాలని ఉబలాటపడుతున్న మనవాళ్ల కోసం ఈసారి ముచ్చట్లు.

తిత్తుల నుంచి పుట్టింది
ఎడ్విన్ లింక్ అనే అమెరికన్ తండ్రికి ఆర్గాన్ వాయిద్యాల ఫ్యాక్టరీ ఉండేది. ఆ వాయిద్యాలకు గాలి ఊదే తిత్తులతోనే లింక్ 1929లో ఓ పొట్టి విమానం తయారుచేశాడు. స్టిక్ కదిపితే అది నిజం విమానంలా ఒరిగేది. మొదట వినోద పార్కులే కొన్నాయి. 1934లో టపా మోస్తూ చెడు వాతావరణంలో సైనిక పైలట్లు చనిపోయాకే అమెరికా సైన్యం ఆరింటిని కొంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి 5 లక్షల మందికి పైగా వైమానికులు వాటిలో శిక్షణ పొందారు. సిమ్యులేటర్‌ని ఉత్త ఆట అనేవాళ్లకు ఈ కథ చెప్పండి.

మన వాయుసేన ఆట
భారత వాయుసేనే సొంతంగా మొబైల్ గేమ్‌లు తెచ్చింది. 2014లో ‘గార్డియన్స్ ఆఫ్ ద స్కైస్’. తర్వాత 2019 జులై 31న అప్పటి వాయుసేనాధిపతి బి.ఎస్. ధనోవా ఢిల్లీలో ‘ఎ కట్ అబవ్’ను విడుదల చేశారు. యువతకు వాయుసేన మీద ఆసక్తి కలిగించడమే వాటి ఉద్దేశం.

డబ్బు పెట్టకముందే రెండు విమానాలు
డీసీఎస్ వరల్డ్ అనే సిమ్యులేటర్లో రెండు విమానాలు ఉచితం: రష్యా సుఖోయ్-25టీ, అమెరికా టీఎఫ్-51డీ మస్టాంగ్. తిరిగి వచ్చేవాళ్లు మస్టాంగ్‌తో మొదలుపెట్టడం మంచిది. దానికి ఆయుధాలుండవు కాబట్టి ధ్యాసంతా ఎగరడం మీదే ఉంటుంది. ఒక్క జాగ్రత్త: సుఖోయ్ వేగం కిలోమీటర్లలో చూపిస్తుంది, మస్టాంగ్ మైళ్లలో. ముల్లు 400 మీద ఉంటే మొదటిదాంట్లో 400 కిలోమీటర్లే, రెండోదాంట్లో దాదాపు 640. ల్యాండింగ్‌లో ఈ తేడా మరిస్తే రన్‌వే దాటి పొలాల్లో తేలతాం.

నేల మీదున్నా 777 అడుగులు
పాలం రన్‌వే మీద విమానం కదలకుండా నిలబడి ఉన్నా ఎత్తు చూపే ముల్లు 777 అడుగుల దగ్గర ఉండొచ్చు. ఢిల్లీ సముద్రమట్టానికి అంత ఎత్తులో ఉంది మరి. శంషాబాద్‌లోనైతే 2,000 దాటుతుంది. రష్యన్ పద్ధతిలో మాత్రం రన్‌వే ఎత్తునే సున్నాగా పెట్టుకుంటారు. సిమ్యులేటర్లో విమానం మారినప్పుడు ముందు ఇది చూసుకోవాలి.

కాగితం ముక్క విలువ
1935 అక్టోబరు 30న బోయింగ్ కొత్త బాంబర్ ఒకటి పైకి లేస్తూనే కూలిపోయింది. గాలికి తోక రెక్కలు కదలకుండా వేసిన తాళం తీయడం అనుభవజ్ఞులైన పైలట్లే మరిచారు. పైలట్ల చెక్‌లిస్ట్ పుట్టింది ఆ ప్రమాదంతోనే. కాబట్టి జ్ఞాపకశక్తిని నమ్ముకోకండి. ఇంజిన్ స్టార్ట్, టేకాఫ్, ల్యాండింగ్: మూడింటి వరసా మీ చేత్తో రాసి మానిటర్ పక్కన అతికించుకోండి.

తప్పు మీ చేతిది కాకపోవచ్చు
స్టిక్ వదిలేసినా విమానం ఎడమకి ఒరిగిపోతోందా? కంప్యూటర్లో గేమ్ కంట్రోలర్ టెస్ట్ తెరవండి. చెయ్యి తీసేశాక కూడా ప్లస్ గుర్తు వణుకుతూంటే, లోపలి పొటెన్షియోమీటర్ అరిగినట్టో, ఢిల్లీ దుమ్ము చేరినట్టో. ముందు శుభ్రం చేసి కాలిబ్రేట్ చేయండి, తర్వాత చిన్న డెడ్ జోన్ పెట్టండి. అయినా కుదరకపోతే కొత్తది కొనేటప్పుడు హాల్ సెన్సర్ ఉన్నది చూడండి. అందులో రాసుకుని అరిగే భాగం ఉండదు.

మే నెల ఢిల్లీ
వేడిగాలి పలచన. అందుకే 45 డిగ్రీల ఎండలో రెక్కలకూ ఇంజిన్‌కూ పట్టు తగ్గి, విమానం లేవడానికి ఎక్కువ రన్‌వే కావాలి. డీసీఎస్ మిషన్ ఎడిటర్లో ఒకసారి 5 డిగ్రీలు, ఇంకోసారి 45 పెట్టి అదే విమానాన్ని లేపి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

శత్రు విమానం, మన మారుత్
ఇల్-2 అనే సిమ్యులేటర్లో మిమ్మల్ని తరిమే జర్మన్ ఫోకే వుల్ఫ్-190ని రూపొందించిన కుర్ట్ టాంక్, తర్వాత బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో మన హెచ్‌ఎఫ్-24 మారుత్‌కి రూపమిచ్చాడు. 1961 జూన్ 17న అది మొదటిసారి ఎగిరింది, 1971 యుద్ధంలో పోరాడింది. పాలం వాయుసేన మ్యూజియం విమానాల్లో మారుత్ కూడా ఉంది.

మిగ్-21 ఇంకా ఎగురుతోంది
1963లో వాయుసేనలో చేరిన మిగ్-21కి 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు పలికారు. సిమ్యులేటర్లో మాత్రం మిగ్-21బిస్ ఇంకా ఉంది. దాన్ని గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగంతో రన్‌వే వైపు తేవాలి. మస్టాంగ్ మీద చెయ్యి కుదిరాకే దీని జోలికి వెళ్లండి.

కంప్యూటర్ ఆన్ చేయకముందే
శిక్షణలో ఉన్న పైలట్లు కుర్చీలో కూర్చునే ‘ఎగురుతారు’. దాన్ని చెయిర్ ఫ్లయింగ్ అంటారు. ఈ రాత్రి భోజనాలయ్యాక మీరూ కూర్చోండి. కళ్లు మూసుకుని, కుడిచెయ్యి స్టిక్ మీద, ఎడమచెయ్యి థ్రాటిల్ మీద ఉన్నట్టు ఊహించుకుని, మీరు రాసుకున్న వరసని పైకే చెప్పండి: థ్రాటిల్ తగ్గించాను, గేర్ దించాను, ఫ్లాప్స్ వేశాను. ఎక్కడ తడబడ్డారో రేపటి పాఠం అక్కడి నుంచే.