బాత్రూం తెల్ల మరకలకు నిమ్మ ఉప్పు చాలు, యాసిడ్‌లో బ్లీచింగ్ కలపకండి

పండగ దగ్గరపడితే ఇల్లంతా కడగడం మొదలవుతుంది. గోడలు, కిటికీలు ఎలాగోలా అయిపోతాయి. చివరికి మిగిలేది బాత్రూం. బోరు నీళ్లు వాడే ఇళ్లలో కుళాయిల చుట్టూ, బకెట్ల మీద, టైల్స్ మధ్య తెల్లగా గార పేరుకుంటుంది. సబ్బుతో ఎంత రుద్దినా పోదు. విసుగొచ్చి కొందరు టాయిలెట్ క్లీనర్ పోసి, దాని మీదే బ్లీచింగ్ పౌడర్ చల్లేస్తారు. రెండూ శుభ్రం చేసేవే కదా, కలిపితే ఇంకా బాగా పోతుందనుకుంటారు. ఇది ప్రాణం మీదికి తెచ్చే పని.

చాలా టాయిలెట్ క్లీనర్లలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది. బ్లీచింగ్‌కు యాసిడ్ తగిలితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో సైనికుల మీద వదిలిన విషవాయువు ఇదే. గాలికంటే బరువు కాబట్టి కిందే నిలుస్తుంది, వంగి నేల రుద్దుతున్న మనిషి ముఖానికే కొడుతుంది. కళ్లు మండుతాయి, దగ్గు వస్తుంది, ఊపిరి ఆడదు. ఆస్తమా ఉన్నవాళ్లకు మరీ ప్రమాదం. ఘాటు వాసన రాగానే ఉన్నపళంగా బయటకు వచ్చేయండి. నీళ్లు పోసి వద్దామని మళ్లీ లోపలికి వెళ్లకండి. దగ్గు తగ్గకపోయినా, ఆయాసం వచ్చినా 108కి ఫోన్ చేయాలి. పనిమనిషితో కడిగిస్తుంటే ఆమెకూ ఈ మాట చెప్పండి. సీసా మీద చిన్న అక్షరాల్లో ఉన్నది ఆమెకు ఎవరు చదివి చెబుతారు?

ఇక మరక సంగతి. ఆ గార సున్నం జాతిది, కాల్షియం కార్బొనేట్. అందుకే సబ్బుకు లొంగదు, పులుపుకు కరుగుతుంది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు రెండు చెంచాలు అర లీటరు గోరువెచ్చని నీళ్లలో కలిపి, పాత గుడ్డ తడిపి కుళాయికి చుట్టండి. అరగంట తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్ది బాగా కడిగేయండి. వెనిగర్ ఉన్నా సరే. షవర్ రంధ్రాలు మూసుకుపోతే ఆ ముక్క విప్పి ఇదే నీళ్లలో నానబెట్టవచ్చు. అయితే నిమ్మ ఉప్పు, వెనిగర్ కూడా యాసిడ్‌లే. వీటితోనూ బ్లీచింగ్ కలపకూడదు. బ్లీచింగ్ వాడాలంటే వేరే రోజు, కిటికీ తెరిచి, ఒక్కటే వాడండి.

వెనిగర్‌లో వంట సోడా కలపమని వీడియోల్లో తెగ చెబుతుంటారు. బుసబుస పొంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి, గార మీద బలం మిగలదు.

ఇంకో జాగ్రత్త బండల విషయంలో. షాబాద్, తాండూరు, కడప బండలు సున్నపురాళ్లే, పాలరాయిదీ అదే జాతి. మరకను కరిగించే పులుపు బండనూ తింటుంది. వంటింటి కడప బండ మీద నిమ్మరసం పడి ఎండితే తెల్ల మచ్చ ఏర్పడేది ఇందుకే. దాన్ని కడిగితే పోదు, పాలిష్ పట్టించాల్సిందే. ఇలాంటి బండలకు సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ మాత్రమే వాడండి.

యాసిడ్ కొన్నా, ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో మాత్రం పోసి ఉంచకండి, పిల్లలు తాగేస్తారు. గార మళ్లీ పట్టకుండా ఉండాలంటే రాత్రి పడుకునే ముందు కుళాయిలను పొడిగుడ్డతో ఒకసారి తుడవండి, నీటిచుక్క ఎండిన చోటే ఆ తెలుపు మిగులుతుంది.