మీకు తెలుసా? న్యూ ఆర్లీన్స్ చిన్న హోటళ్ళ పెద్ద వింతలు!

ఒక కాఫీ హోటల్ ఉంది. 1862 నుంచి నడుస్తోంది. తినడానికి అక్కడ దొరికేది ఒక్కటంటే ఒక్కటే! దాని పేరు బెన్యే. నలుచదరంగా కోసిన పిండి ముక్క. నూనెలో పడగానే పూరీలా పొంగుతుంది. పైన గుప్పెళ్ళ కొద్దీ పంచదార పొడి కుమ్మరిస్తారు. ప్లేటుకు మూడు! మెనూ చదివే పనే లేదు! ఊరు న్యూ ఆర్లీన్స్. అమెరికా దక్షిణాన, మిసిసిపీ నది ఒడ్డున ఉంది. హోటల్ పేరు కెఫే డు మోండ్. ఒక మాట చెవిలో వేసుకోండి. నల్ల చొక్కాతో మాత్రం వెళ్ళకండి! బెన్యే నోటి దగ్గర పెట్టుకుని నవ్వారా, ఎదుటివారి ఒళ్ళంతా తెల్లగా అయిపోతుంది!

ఆ బెన్యేతో ఇచ్చే కాఫీలో ఏం కలుపుతారో ఊహించండి! చికోరీ! అవును, మన ఫిల్టర్ కాఫీ పొడిలో పడే ఆ చికోరీయే! మన దేశంలో కాఫీ-చికోరీ పొడిలో అది 49 శాతం దాకా ఉండొచ్చు. సముద్రాల అవతల కూడా అదే రుచికి నాలుకలు అలవాటు పడ్డాయి! సగం డికాషన్, సగం వేడి పాలు. అమెరికా అంతా తిరిగి నీళ్ళ కాఫీతో విసిగిపోయిన తెలుగువారికి ఇక్కడ మొదటి గుక్కతోనే ప్రాణం లేచొస్తుంది!

ఇప్పుడు ఒక సమ్మె కథ. 1929లో ఈ ఊరి ట్రామ్ కార్మికులు పని మానేశారు. జీతం లేదు. ఇంట్లో పొయ్యి వెలగడం లేదు. ఊళ్ళో మార్టిన్ అనే అన్నదమ్ములకు ఒక హోటల్ ఉండేది. వాళ్ళూ ఒకప్పుడు ట్రామ్ కండక్టర్లే! ఏమన్నారో తెలుసా? సమ్మెలో ఉన్న వాళ్ళెవరైనా సరే, వచ్చి తినండి, డబ్బులొద్దు అన్నారు! పొడుగాటి రొట్టె చీల్చి, లోపల కూర నింపి చేతికిచ్చారు. ఈ ఊరు ఈనాటికీ ఎగబడి తినే 'పోబాయ్' అలా పుట్టింది! సమ్మె పోయింది, ఆ హోటల్ పోయింది, పోబాయ్ మాత్రం మిగిలింది!

మరి అంతమందికి రొట్టె ఎలా సరిపోయింది? అక్కడే ఉంది చమత్కారం! మామూలు రొట్టె కొసలు సన్నగా ఉంటాయి. కోస్తే వృథా. జెండూసా అనే బేకరీ ఆయన ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే లావున రొట్టె కాల్చి ఇచ్చాడు. పొడవెంతో తెలుసా? 40 అంగుళాలు! మూడడుగుల పైచిలుకు రొట్టె!

ఇంకో తమాషా చూడండి. పోబాయ్‌కి వాడేది ఫ్రెంచి రొట్టె. పైన కరకర, లోపల దూది! ఊళ్ళో చాలా పోబాయ్ దుకాణాలకు దాన్ని కాల్చి పంపే లైడెన్‌హైమర్ బేకరీని పెట్టిందెవరు? జర్మనీ నుంచి వచ్చిన మనిషి! 1896లో! ఫ్రెంచివాళ్ళ రొట్టెకు జర్మనీ చెయ్యి!

పోబాయ్ ఎక్కడ తినాలి? నా ఓటు పార్క్‌వే బేకరీకి! లోపల అంతా సాదాసీదా. కౌంటర్ దగ్గర చెప్పాలి, పేరు పిలిచాక తెచ్చుకోవాలి. 2010లో అమెరికా అధ్యక్షుడు ఒబామా కుటుంబంతో సహా వచ్చి తిన్నది ఇక్కడే! గొడ్డు మాంసం తినని వారు బెంగపడకండి. వేయించిన రొయ్యల పోబాయ్ ఉంది. రొయ్యలు రొట్టెలో పట్టక పక్కలకు రాలిపోతుంటాయి!

రాలిపోవడం అంటే గుర్తొచ్చింది! మదర్స్ అనే హోటల్ 1938 నాటిది. అక్కడ మాంసం కోసేటప్పుడు రసంలో రాలిన తునకలుంటాయి కదా. వాటిని పారెయ్యరు. రొట్టెలో నింపి అమ్ముతారు! జనం వాటికోసమే వరసలో నిలబడతారు!

ఆల్చిప్పల సంగతి విన్నారా? న్యూ ఆర్లీన్స్‌లో వాటిని పచ్చివే తింటారు! చిప్ప తెరిచి, నిమ్మరసం పిండి, గుటుక్కున మింగడమే! ఆక్మీ ఆయిస్టర్ హౌస్‌లో ఒక పందెం ఉంది. ఒకే విడతలో 15 డజన్లు తినాలి. లెక్క వేశారా? 180 ఆల్చిప్పలు! తిన్నవారి పేరు గోడ మీదికి ఎక్కుతుంది! ఆ గోడ మీద పేర్లున్నాయి మరి!

ఆల్చిప్పలంటే నాకు ఇంకా ఇష్టమైన చోటు కాసమెంటోస్. 1919 నుంచి ఉంది. గోడలూ నేలా అన్నీ పింగాణీ పలకలే! అద్దంలా తుడిచి ఉంచుతారు. అసలు వింత అది కాదు. వేసవి వస్తే తలుపులు మూసేస్తారు! నెలల తరబడి! ఎండాకాలం ఆల్చిప్పలు బాగుండవని పాతకాలపు నమ్మకం. బేరం పోతుందన్న బెంగే లేదు! ఇంతటి పట్టుదల ఉన్న హోటల్‌ను నమ్మకుండా ఎలా ఉండగలం?

వేసవిలో మరి ఏం తినాలి? హాన్సెన్స్‌కు పరుగెత్తాలి! ఐసును పొడిగా గీకి, రంగురంగుల పాకం పోసి ఇస్తారు. ఐసు గీకే యంత్రం ఏ కంపెనీదీ కాదు! హాన్సెన్ గారు 1934లో సొంతంగా తయారు చేసుకున్నారు! ఆయన భార్య పాకాలు కాచేవారు. యంత్రం ఆయనది, తీపి ఆవిడది! ఇప్పుడు దుకాణం నడిపేది మనవరాలు. ఐసు ఎంత మెత్తగా వస్తుందంటే, పంటికి తగిలే లోపే కరిగిపోతుంది!

సోమవారం ఏం వండుతారో చెప్పుకోండి! ఎర్ర రాజ్మా, అన్నం! ఊరంతా! ఒకప్పుడు సోమవారం బట్టలు ఉతికే రోజు. పొయ్యి మీద గింజలు పడేస్తే వాటంతట అవే ఉడికేవి. ఉతకడానికి ఇప్పుడు మెషీన్లు వచ్చాయి, సోమవారం రాజ్మా మాత్రం పోలేదు! ఆ గింజలు అమ్మే కమీలియా కంపెనీ 1923లో పుట్టింది. ఈ ఊళ్ళో పుట్టిన జాజ్ మహానుభావుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు ఈ వంట మీద ఎంత మోజంటే, ఉత్తరాల చివర సంతకం పక్కన రాజ్మా అన్నం పేరు రాసేవాడు!

అదే 1923లో ఈ ఊళ్ళో ఇంకోటి కూడా పుట్టింది. క్రిస్టల్ అనే మిరప సాస్! అందులో పడేవి మూడే! పండు మిరపకాయలు, వెనిగర్, ఉప్పు! చిన్న హోటళ్ళ బల్లల మీద ఈ సీసా కనబడుతుంది. గుంటూరు కారం తిన్న నాలుకకు ఇది లెక్కలోకి రాదు. మొహమాటం లేకుండా వంచుకోండి!

ఆగండి, ఒక్కచోట మాత్రం వంచకండి! డూకీ చేజెస్ హోటల్‌లో! 1941 నుంచి ఉన్న హోటల్. అక్కడి గంబో జగత్ప్రసిద్ధం. పిండిని నూనెలో చాక్లెట్ రంగు వచ్చేదాకా ఓపిగ్గా వేయించి, ఆ చిక్కదనంలో రొయ్యలూ మాంసమూ ఉడికించి, అన్నం మీద పోస్తారు. ఈ ఊళ్ళో చాలా ఇళ్ళలో గంబోలో బెండకాయ కూడా పడుతుంది! ఒబామా ఒకసారి డూకీ చేజెస్ గంబోలో మిరప సాస్ పోసుకోబోయారు. వంట చేసిన లియా చేజ్ ఊరుకుంటారా? నా గంబోలోనా అని చీవాట్లు పెట్టారు! కాబోయే అధ్యక్షుడైనా సరే!

ఆ లియా చేజ్ హోటల్ మేడ మీద ఏం జరిగిందో తెలిస్తే ఒళ్ళు జలదరిస్తుంది! నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటే చట్టం ఒప్పుకోని రోజులవి. అయినా పౌరహక్కుల ఉద్యమకారులు ఆ మేడ గదిలో కలిసి కూర్చున్నారు. పోరాటం ఎలా నడపాలో మాట్లాడుకున్నారు. 1961లో బస్సులెక్కి చట్టాన్ని ధిక్కరించిన ఫ్రీడమ్ రైడర్లకు కూడా ఆమె చేతి గంబోయే బలం! గరిటె పట్టిన చెయ్యి ఒక దేశాన్ని మార్చడంలో పాలుపంచుకుంది. ఇంతకన్నా పెద్ద హోటల్ ఎక్కడుంటుంది?

ఆవిడ ఏడాదికి ఒక్కరోజు వండే గంబో ఇంకోటి ఉంది! గుడ్‌ఫ్రైడేకు ముందురోజు, గురువారం. అందులో 9 రకాల ఆకుకూరలు! ఎప్పుడూ బేసి సంఖ్యే ఉండాలట! ఆమె 2019లో కన్నుమూశారు. గురువారం గంబో మాత్రం ఆగలేదు, కుటుంబం వండుతూనే ఉంది!

ఇంకో అమ్మ సంగతి చెప్పాలి. విల్లీ మే సీటన్. ఆమె వేపిన కోడి కోసం జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు. 2005 వేసవికి ముందు జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ ఆమె హోటల్‌కు 'అమెరికా క్లాసిక్స్' పురస్కారం ఇచ్చింది. పేటల్లోని పాత హోటళ్ళకు ఇచ్చే గొప్ప గౌరవం అది! కొన్ని నెలలకే కత్రినా తుఫాను వచ్చి హోటల్‌ను ముంచేసింది! అప్పటికి ఆమెకు ఎనభై తొమ్మిదేళ్ళు! ఇక అయిపోయిందనుకున్నారా? స్వచ్ఛంద కార్యకర్తలు సుత్తులు పట్టుకుని వచ్చేశారు! వంటవాళ్ళు కూడా తాపీ పని చేశారు! హోటల్ మళ్ళీ తెరుచుకుంది! సీటన్ గారు తొంభై తొమ్మిదేళ్ళు బతికారు!

ఆ తుఫానుకు ఊరు ఎంత మునిగిందో తెలుసా? 80 శాతం! నేను ఇప్పటిదాకా చెప్పిన హోటళ్ళు, మార్టిన్ అన్నదమ్ములది తప్ప, ఒక్కొక్కటీ ఆ దెబ్బ తట్టుకుని మళ్ళీ పొయ్యి వెలిగించినవే! వాటికి మనం ఇచ్చే డబ్బు కన్నా గౌరవం ఎక్కువ ఇవ్వాలని నాకనిపిస్తుంది.

కమీలియా గ్రిల్ సంగతి వినండి మరి! బల్లలు లేవు, కౌంటర్ ముందు పీటలే. తుఫాను తర్వాత అది మూతపడింది. జనం ఏం చేశారు? తలుపు నిండా చీటీలు అంటించారు! తొందరగా తెరవండి, మీరు లేక మాకు తోచడం లేదు అని! ఒకటా రెండా, తలుపే కనబడనన్ని! చివరికి 2007లో తెరిచారు! ఆమ్లెట్ కోసం ఒక ఊరు బతిమాలుకుంది!

ఇటలీ నుంచి వచ్చిన వాళ్ళు ఏం తెచ్చారు? మఫులెట్టా! సెంట్రల్ గ్రోసరీ అనే కిరాణా కొట్టు 1906లో మొదలైంది. అక్కడి గుండ్రటి రొట్టె మీద నువ్వులు చల్లి ఉంటాయి. లోపల మాంసం, జున్ను, నూనెలో ఊరిన ఆలివ్ ముక్కలు. ఒక్కటి కొంటే ఇద్దరి కడుపు నిండుతుంది. ఆ ఆలివ్ ముక్కల పులుపూ ఉప్పూ మన నోటికి భలే నచ్చుతాయి!

వియత్నాం నుంచి వచ్చిన వాళ్ళు? వాళ్ళు ఏకంగా ఊరి పండగనే గెలిచేశారు! మార్డీ గ్రా పండగకు కింగ్ కేక్ తినడం ఇక్కడి ఆచారం. లోపల చిన్న ప్లాస్టిక్ బొమ్మ ఉంటుంది. ఎవరి ముక్కలో వస్తే, తర్వాతి కేకు వాళ్ళే తేవాలి! ఇప్పుడు జనం ఎగబడే కింగ్ కేకుల్లో ఒకటి డాంగ్ ఫువాంగ్ అనే వియత్నామీ బేకరీది! 2018లో వాళ్ళకూ 'అమెరికా క్లాసిక్స్' వచ్చింది!

అన్నీ పాతవేనా అంటారా? టర్కీ అండ్ ద వుల్ఫ్ అనే శాండ్‌విచ్ కొట్టు ఉంది. ఒకదానికొకటి పొంతన లేని పాత ప్లేట్లలో పెడతారు. అలాంటి కొట్టును 2017లో ఒక పెద్ద వంటల పత్రిక అమెరికా మొత్తంలో ఆ ఏటి మేటి కొత్త రెస్టారెంట్‌గా ఎంచుకుంది!

గోదావరి జిల్లాల వారికి ఒక చేరువ సంగతి! అమెరికాలో దొరికే క్రాఫిష్‌లో దాదాపు 90 శాతం లూసియానా రాష్ట్రానిదే. రొయ్యకు చుట్టమిది. ఎక్కడ పెంచుతారో తెలుసా? వరి చేలల్లో! కోత అయ్యాక చేనుకు మళ్ళీ నీళ్ళు పెడతారు! హోటల్‌లో మసాలా నీళ్ళలో ఉడికించి, బల్ల మీద కాగితం పరిచి కుప్ప పోస్తారు. చేతులతో వలుచుకు తినడమే! చెంచాల మాట ఎత్తకండి!

హ్యూస్టన్‌లో మీ వాళ్ళున్నారా? కారులో 560 కిలోమీటర్లు! అంతే! ఏప్రిల్‌లో వెళ్ళమనండి. క్రాఫిష్ రుతువు నడుస్తుంటుంది, కాసమెంటోస్ ఇంకా మూసి ఉండదు, హాన్సెన్స్ అప్పటికే తెరిచి ఉంటుంది! ఒక్కరోజులో తేలే పని కాదు కాబట్టి రెండు మూడు రోజులు ఉండమనండి. అందులో ఒకటి సోమవారం అయ్యేలా చూసుకోమనండి!