‘కరెంటు’ పెట్టించుకున్నవారి పక్కన కూర్చోవచ్చా?



కాన్సరుకు చేసే రేడియేషన్ చికిత్సను మన పల్లెల్లో ‘కరెంటు పెట్టడం’ అంటారు. కావలి మొదలుకొని తడ వరకు మన తీరపు సంఘాల్లో చెన్నైకో, వేలూరుకో, తిరుపతికో వెళ్లి ఆ చికిత్స చేయించుకొని వచ్చినవారు ఉన్నారు. వారు తిరిగి ఆరాధనకు వచ్చినప్పుడు పక్కన కూర్చోవడానికి కొందరు జంకుతున్నారు. చంటిబిడ్డను వారి చేతికివ్వరు, ప్రేమవిందులో వేరే గ్లాసు పెడతారు. ఈ భయంతోనే చికిత్స మానుకునేవారూ ఉన్నారు. కాబట్టి ఈ సంగతిని తేటగా తెలుసుకుందాం.

మొదటిది, ఇది కరెంటు కాదు. 1895లో రాంట్‌జెన్ కనుగొన్న ఎక్స్-రే కిరణాల వంటివే ఈ కిరణాలు, కాకపోతే ఎన్నో రెట్లు శక్తి గలవి. ఇవి శరీర కణంలోని డి.ఎన్.ఎ. పోగులను తెంపుతాయి. ఆరోగ్యమైన కణం తెగిన పోగులను చాలావరకు అతుక్కోగలదు. కాన్సరు కణానికి ఆ నేర్పు తక్కువ. అందుకే మొత్తం మోతాదు ఒకేసారి ఇవ్వరు. సాధారణంగా రోజుకు 2 గ్రేల చొప్పున, వారానికి 5 రోజులు, 5 నుండి 7 వారాలు ఇస్తారు. గ్రే అంటే కిరణాల మోతాదుకు కొలత. ఒక రోజుకూ మరో రోజుకూ మధ్య దొరికే సమయంలో మంచి కణాలు కోలుకుంటాయి. పండుగకనో, పెళ్లికనో చికిత్స మధ్యలో ఆపి ఇంటికొస్తే మాత్రం కాన్సరు కణాలు కూడా మళ్లీ పెరుగుతాయి.

రెండవది, బయటి యంత్రంతో ఇచ్చిన కిరణాలు రోగి ఒంట్లో నిలవ ఉండవు. టార్చిలైటు ఆర్పాక గోడమీద వెలుగు మిగలనట్టే, యంత్రం ఆపగానే కిరణాలూ ఆగిపోతాయి. గర్భాశయ ముఖద్వార కాన్సరుకు లోపల మూలకం ఉంచి చేసే చికిత్సలో కూడా సాధారణంగా దాన్ని తీసివేశాకే ఇంటికి పంపుతారు. థైరాయిడ్ కాన్సరుకు రేడియో అయోడిన్ మందు తీసుకున్నవారు మాత్రం వైద్యులు చెప్పినన్ని రోజులు చిన్నపిల్లలకూ, గర్భిణులకూ ఎడంగా ఉండాలి.

మూడవది, దేవుడు చేసిన ఈ నేలలోనే రేడియేషన్ ఉంది. మట్టి, గాలి, ఆహారం, ఆకాశం నుండి మనిషికి ఏటా సగటున 2.4 మిల్లీసీవర్టులు అందుతుంది. మన గూడూరు అభ్రకపు గనుల్లో యురేనియం గల సమర్‌స్కైట్ ఖనిజం దొరికింది. భీమునిపట్నం ఇసుకలో థోరియం గల మోనజైట్ ఉంది. కేరళలోని కరునాగపల్లి తీరంలో అది మరీ ఎక్కువ. అక్కడ సుమారు 70 వేలమందిని సగటున పదేళ్లకు పైగా గమనించిన పరిశోధకులు, నేల నుండి వచ్చే కిరణాలవల్ల కాన్సరు పెరిగిన జాడ కనబడలేదని 2009లో ప్రకటించారు.

అలాగని దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. హిరోషిమా, నాగసాకిలలో బాంబు దాడినుండి బ్రతికినవారిని దశాబ్దాలుగా పరిశీలించగా, ఎక్కువ మోతాదు తగిలినవారిలో కాన్సర్లు పెరిగాయని తేలింది. ఆ తరువాత వారికి పుట్టిన పిల్లల్లో మాత్రం వంశపారంపర్య హాని స్పష్టంగా కనబడలేదు. చిన్న మోతాదుకు కూడా కొంత ప్రమాదం ఉండవచ్చని ఎంచి జాగ్రత్తపడటమే రక్షణ నియమం. ఆసుపత్రి ఉద్యోగులు గడిపే సమయం తగ్గిస్తారు, దూరం పాటిస్తారు, సీసం లేదా కాంక్రీటు అడ్డు పెట్టుకుంటారు. వారికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు మించకూడదని మన దేశపు అణుశక్తి నియంత్రణ మండలి నిబంధన.

మనం చేయగలిగినవీ ఉన్నాయి. ఛాతీ ఎక్స్-రేకు 0.1 మిల్లీసీవర్టు లోపే పడుతుంది. కడుపు సి.టి. స్కానుకు 8 నుండి 10 దాకా పడవచ్చు, అంటే ప్రకృతి మూడు నాలుగేళ్లలో ఇచ్చేంత. అవసరమైన స్కాను మానకండి, అవసరం లేనిది అడిగి చేయించుకోకండి. పాత ఫిల్ములు దాచి డాక్టరుకు చూపండి. గర్భిణి అయితే, లేదా ఆ అవకాశం ఉంటే, ముందే చెప్పండి.

కుష్ఠరోగిని ముట్టడానికి వెనకాడని ప్రభువును ఆరాధించే మనం, ఎలాంటి హానీ లేని చోట దూరం జరగడం తగదు. చికిత్స పూర్తిచేసుకొని వచ్చిన సహోదరికి నీరసం ఉంటుంది, చర్మం కమిలి ఉండవచ్చు. ఈ ఆదివారం ఆమె పక్కన చోటు ఖాళీగా ఉంటే మీరే వెళ్లి కూర్చోండి.