కరువు తీరాక మిగిలిన ఆకలి

మన పెద్దలు 'ధాత కరువు' అని చెప్పుకున్న 1876-78 నాటి కరువులో ఒంగోలు ప్రాంతం అల్లాడిపోయింది. ఆ రోజుల్లో బకింగ్‌హామ్‌ కాలువ తవ్వకం సాగుతోంది. అమెరికన్‌ బాప్టిస్టు మిషనరీ జాన్‌ ఇ. క్లౌ అందులో మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి దొరికేలా చేశాడు. మట్టి మోసి అలసి కూర్చున్నవారికి బోధకులు సువార్త చెప్పారు. బాప్తిస్మమివ్వమని ఎందరో అడిగారు. క్లౌ మాత్రం ఒప్పుకోలేదు. కూటికోసం పుట్టే విశ్వాసం కూటితోనే పోతుందని ఆయన భయం. అలా ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు.

కరువు పనులు ముగిశాక, 1878లో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి జనం తరలివచ్చారు. ఇక ఇవ్వడానికి తన దగ్గర పని లేదు, డబ్బు లేదని క్లౌ వారికి తేల్చి చెప్పాడు. తాము సాయం కోసం రాలేదని, పనిచేసి బొబ్బలెక్కిన తమ చేతులే అందుకు సాక్ష్యమని, మళ్లీ పంట పోయి చావాల్సివచ్చినా క్రైస్తవులుగానే చస్తామని వారు బదులిచ్చినట్టు ఆయన రాసుకున్నాడు. జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

వారంతా కూటికోసమే మారారనేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆదుకున్న చేతిపట్ల కృతజ్ఞత, ఊరి వెలుపలే ఉంచిన తమను మనుషులుగా చూశారన్న సంతోషం వారిలో ఉండే ఉంటాయి. అందులో తప్పేముంది? కానీ కూలి ఆగిపోయాక కూడా వారిని నది ఒడ్డుకు నడిపించిన ఆకలి వేరు.

యోహాను సువార్త ఆరో అధ్యాయంలో యేసుప్రభువు చెప్పింది ఆ ఆకలి గురించే. ఆయన కడుపు ఆకలిని చిన్నచూపు చూడలేదు. ముందు ఐదు వేలమందికి రొట్టె పెట్టాడు. మరునాడు వాళ్లు మళ్లీ రొట్టెకోసమే వెదుక్కుంటూ వస్తే, జీవాహారం తానేనన్నాడు. ఆ మాట రుచించక చాలామంది వెనుదిరిగారు. పేతురు, అతని సహచరులు మాత్రం ఆయనతోనే ఉండిపోయారు.

మనం ఎవరి వెంట ఉన్నాం? 2025 ఆరంభంలో గుంటూరు యార్డులో మిర్చి ధర పడిపోయినప్పుడు రైతు గుండె చెరువైంది. ఆ బాధ నిజమైనది. అయితే ధర పలికిన ఏడు దేవుడు మంచివాడని, ధర పడిన ఏడు మనల్ని మరిచాడని అనుకుంటే మనం కొలుస్తున్నది దేవుణ్నా, ధరనా? కోరినవన్నీ దొరికితే కలిగే తృప్తి తర్వాతి పంటదాకా కూడా నిలవదు. అప్పు తీరని రాత్రి కూడా ప్రభువు నా చేయి విడవలేదన్న నిబ్బరమే నిలిచే తృప్తి.

ఆ తృప్తి పొందినవాడు పొరుగువాడి ఆకలి చూసి ఊరుకోడు. పత్తి పోయి, మిర్చి మునిగి కుంగిపోయిన రైతు మన సంఘంలోనూ ఉంటాడు. ఈ ఆదివారం అతని పక్కన కూర్చుందాం. చేతనైన సాయం ముందు చేద్దాం. ప్రభువు మాట ఆ తర్వాత చెబుదాం.