విమానానికి తోక ఎందుకు?

కొబ్బరి చీపురు నుంచి ఒక ఈనె లాగి, బాణంలాగా విసిరి చూడండి. అది తిన్నగా పోదు. నాలుగడుగులు వెళ్ళేలోపే అడ్డం తిరిగి పడిపోతుంది. ఇప్పుడు దాని ఒక కొసకు చిన్న బంకమట్టి ఉండ అంటించండి. రెండో కొసకు పాత పోస్టుకార్డు నుంచి కత్తిరించిన రెండు ముక్కలు, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా అమర్చండి. మళ్ళీ విసరండి. ఎవరి మీదికీ కాదు సుమా! ఈసారి మట్టి ఉండ ముందు, కార్డు ముక్కలు వెనక ఉండి, ఈనె తిన్నగా దూసుకుపోతుంది.

కారణం తేలికే. ఈనె కాస్త పక్కకు తిరగబోయిందనుకోండి. వెంటనే గాలి కార్డు ముక్కకు ఏటవాలుగా తగిలి, వెనక కొసను మళ్ళీ దారిలోకి నెడుతుంది. విలుకాడు బాణం వెనక ఈకలు కట్టేది ఇందుకే. విమానం తోక చేసే మొదటి పని కూడా ఇదే.

పదకొండు సెకన్ల విజయం

మనిషి ఎక్కి ఎగిరే విమానం పుట్టక ముందే ఈ రహస్యాన్ని ఒక బొమ్మ విమానం రుజువు చేసింది. 1871 ఆగస్టులో పారిస్ నగరంలోని ఒక ఉద్యానవనంలో అల్ఫోన్స్ పెనో అనే 21 ఏళ్ళ యువకుడు రబ్బరు పట్టీ మెలితో తిరిగే బొమ్మ విమానాన్ని గాలిలోకి వదిలాడు. అది 11 సెకన్లపాటు సుమారు 40 మీటర్ల దూరం ఎగిరింది. నడిపేవాడెవరూ లేకపోయినా తల్లకిందులు కాలేదు. రెక్కలకు వెనక పెనో అమర్చిన చిన్న తోకే దాన్ని కాపాడింది.

రెండు పలకలు, నాలుగు పనులు

ఈనాటి విమానం తోకను పరిశీలించండి. మీ ఈనెకు లాగానే దీనికీ ఒక నిలువు పలక, ఇరువైపులా అడ్డపలకలు ఉంటాయి. నిలువు పలక ముక్కును కుడి ఎడమలకు ఊగకుండా ఆపుతుంది. అడ్డపలకలు ముక్కు పైకి కిందికి ఊగకుండా చూస్తాయి. ఇవి రెండు పనులు.

మిగిలిన రెండూ పలకల వెనక అంచున, తలుపులాగా కీళ్ళ మీద కదిలే భాగాలవి. అడ్డపలకకు ఉన్న కదిలే భాగాన్ని ఎలివేటర్ అంటారు. పైలట్ కంట్రోలు కర్రను తనవైపు లాగితే ఎలివేటర్ పైకి లేస్తుంది. గాలి దాన్ని కిందికి నొక్కుతుంది. తోక దిగుతుంది, ముక్కు లేస్తుంది. నిలువు పలకకు ఉన్న కదిలే భాగం పడవకు ఉన్నట్టే చుక్కాని. దీన్ని పైలట్ కాళ్ళతో నడుపుతాడు.

అయితే పడవను తిప్పినట్టు విమానాన్ని చుక్కానితోనే తిప్పుతారనుకోకండి. మలుపు తిరగడానికి విమానం ముఖ్యంగా రెక్కలను ఒక పక్కకు ఒరగదీస్తుంది. చుక్కాని ఆ మలుపును చక్కదిద్దుతుంది. దాని అసలు విలువ ఆపదలో తెలుస్తుంది. ఒక రెక్క కిందనున్న ఇంజను ఆగిపోతే, రెండో ఇంజను విమానాన్ని పక్కకు లాగేస్తుంది. అప్పుడు విమానాన్ని తిన్నగా నిలబెట్టేది చుక్కానే. పెద్ద విమానాలకు అంత ఎత్తైన నిలువు పలక ఉండడానికి ఇదొక కారణం.

అంత వెనక ఎందుకు?

తలుపును కీలు దగ్గర వేలితో నెట్టి చూడండి. కదలదు. అంచు దగ్గర నెట్టండి. సులువుగా తెరుచుకుంటుంది. విమానం తన గరిమనాభి చుట్టూ తిరుగుతుంది. తోక దానికి ఎంత దూరంగా ఉంటే అంత తక్కువ బలంతో విమానాన్ని తిప్పగలదు.

ఇంకొక వింత. రెక్కలు విమానాన్ని పైకి ఎత్తుతుంటే, చాలా విమానాల్లో తోక మాత్రం కిందికి నొక్కుతుంది! గరిమనాభి సాధారణంగా రెక్కల ఎత్తుడు బలానికి కాస్త ముందు ఉంటుంది. అందువల్ల ముక్కు వాలిపోవాలని చూస్తుంది. తోక కిందికి నొక్కి, ఉయ్యాలబల్ల రెండో కొసన కూర్చున్న పిల్లవాడిలా సరితూగేట్టు చేస్తుంది.

ఏడు ప్రాణాలు నేర్పిన పాఠం

1963 అక్టోబరు 22న ఇంగ్లాండులో బి.ఎ.సి. వన్-ఎలెవెన్ అనే కొత్త జెట్ విమానపు మొదటి నమూనాను పరీక్షిస్తున్నారు. దాని ఇంజన్లు శరీరం వెనక భాగంలో ఉన్నాయి. వాటి వేడి వాయువులు తగలకుండా అడ్డపలకను నిలువు పలక నెత్తిన, ఇంగ్లీషు ‘టి’ అక్షరంలాగా అమర్చారు.

ముక్కును మరీ ఎత్తితే, రెక్క మీది గాలి దాన్ని అంటిపెట్టుకుని పారదు. సుడులు తిరిగి విడిపోతుంది. రెక్క పట్టు తప్పుతుంది. దీన్నే స్టాల్ అంటారు. అప్పుడు ఎలివేటర్‌తో ముక్కు దించితే మళ్ళీ వేగం, పట్టు వస్తాయి. కాని ఆ రోజు రెక్కల వెనక సుడిగాలి సరిగ్గా పైనున్న తోకను కమ్మేసింది. ఎలివేటర్‌కు ఆసరాగా మంచి గాలి లేదు. విమానం బల్లపరుపుగా నేల మీద పడింది. అందులోని ఏడుగురూ మరణించారు.

విమానంలోని రికార్డరు ఆ కథను చెప్పింది. ఆ తర్వాత, ముక్కు మరీ లేస్తుంటే కంట్రోలు కర్రను వణికించి హెచ్చరించే పరికరాలు, అప్పటికీ పైలట్ వినకపోతే కర్రను తామే ముందుకు నెట్టే పరికరాలు ఆ రకం విమానాల్లో అమర్చారు. మన చిన్న విమానాశ్రయాలకు వచ్చే ఏ.టి.ఆర్.-72 తోకా ‘టి’ ఆకారమే. దానిలోనూ అలాంటి కాపలా ఉంది.

తోక లేకుండా?

మన తేజస్ యుద్ధ విమానానికి అడ్డపలకే లేదు. దాని పనిని త్రికోణపు రెక్కల వెనక అంచులు చేస్తాయి. 1989లో మొదటిసారి ఎగిరిన అమెరికా వారి బి-2 విమానానికి నిలువు పలక కూడా లేదు. రెండింటిలోనూ తోక చేసే పనిని కంప్యూటర్లు చూసుకుంటాయి. విమానం కాస్త ఒరిగిందో లేదో, రెక్కల అంచులను కదిపి సరిచేస్తాయి. అంటే తోకను తీసేయవచ్చు గాని, తోక పనిని తీసేయలేమన్నమాట.

ఈసారి ఆకాశంలో గద్ద కనబడితే ఆగి చూడండి. దానికీ నిలువు తోక లేదు. మలుపు తిరిగేటప్పుడు తన వెడల్పాటి తోకను ఒక పక్కకు మెలి తిప్పుతుంది. దాని కంప్యూటరు దాని చిన్న తలలోనే ఉంది!