వైఫల్యం నేర్పే పాఠం

విజయం ఉత్సాహాన్నిస్తుంది, వైఫల్యం వివేకాన్నిస్తుంది. ఇందుకు ఓరుగల్లు నగరమే నిదర్శనం.

నిజాం పాలనలో 1934లో వరంగల్లులో ఆజంజాహి మిల్లు వెలసింది. పరిసరాల్లో పండే పత్తి దానికి ముడిసరకు. వేలాది కుటుంబాలకు అది జీవనాధారమైంది. 1974లో జాతీయ జౌళి సంస్థ ఆధీనంలోకి వెళ్లినా నష్టాలు తగ్గలేదు. చివరకు 2002లో అది మూతపడింది. పాతబడిన యంత్రాలు, మరమగ్గాల పోటీ దేశంలోని అనేక మిల్లులను ఇలాగే కుంగదీశాయి.

అదే నగరంలోని కొత్తవాడ నేతకారులకూ గడ్డుకాలం తప్పలేదు. అయినా వారి జంపఖానాల నేత నిలిచింది. అద్దకం, కలంకారీ వంటి అలంకరణలను ఆ నేత తనలో కలుపుకొన్నది. 2018లో వరంగల్ దర్రీలకు భౌగోళిక గుర్తింపు లభించింది.

నష్టం వచ్చినప్పుడు వ్యవస్థాపకుడు విధిని నిందించరాదు. లోపం సరకులో ఉన్నదా, యంత్రంలోనా, విపణిలోనా, నిర్వహణలోనా అని విడివిడిగా పరిశీలించాలి. మిల్లు మూతపడినా పత్తి పంట ఆగలేదు. వస్త్రాల అవసరమూ తీరలేదు. కనుకనే 2017లో వరంగల్లు సమీపాన కాకతీయ జౌళి పార్కుకు పునాది పడింది. కారణం తెలుసుకొన్నవానికి ఓటమి ముగింపు కాదు. మరో ప్రయత్నానికి పెట్టుబడి.