గాలిసంచి దీపము – దోషనిదాన పద్ధతి

తెలుగున ‘నిదానము’ అను మాటకు రెండర్థములు కలవు. వైద్యులకు అది రోగకారణమును నిర్ణయించు విద్య. మాధవనిదానమను గ్రంథనామమున ఉన్నది ఈ అర్థమే. లోకవ్యవహారమున నిదానమనగా తొందరపాటు లేకుండుట. ‘నిదానమే ప్రధానము’ అను సామెతలో ఈ రెండవ అర్థమే వినిపించును. మోటారుకారులోని గాలిసంచికి, అనగా ఎయిర్‌బ్యాగునకు, విద్యుద్దోషము కలిగినపుడు ఈ రెండు నిదానములును ఒక్కచోటనే కావలసివచ్చును.

చెన్నపట్టణవాసులకు ఈ విషయము దూరమైనది కాదు. నగరమునకు పడమట ఇరుంగాట్టుకోట్టైలో హ్యుందాయి కర్మాగారము 1998 నుండి కార్లను తయారుచేయుచున్నది. ఒరగడములోని పరిశోధనకేంద్రమున కార్లను ఢీకొట్టించి పరీక్షించు సదుపాయము కలదు. మన దేశమున తయారగు కార్లలో చోదకుని ఎదుట గాలిసంచి 2019 జూలై 1 నుండి తప్పనిసరి యైనది. ప్రక్క సీటునకు ఈ నియమము 2021 ఏప్రిల్ 1 నుండి క్రొత్త నమూనాలకును, ఆ సంవత్సరాంతమునకు పాత నమూనాలకును వర్తించినది. కావున నేడు సామాన్య కుటుంబము కొనుక్కొను చిన్నకారులోను ఈ సాధనము ఉన్నది. దానికి కలుగు దోషమును తెలిపెడి దీపమును ఉన్నది.

ఏర్పాటు

కారు దేనినైనను బలముగా ఢీకొన్నప్పుడు ముందుభాగమున నున్న సెన్సార్లు వేగములో కలిగిన హఠాత్పతనమును గ్రహించి నియంత్రణపేటికకు తెలుపును. ఆ పేటిక సంచివెనుక నున్న సన్నని తీగకు విద్యుత్తును పంపును. తీగ రగులుకొని మందును మండించును. పుట్టిన వాయువు సంచిని నింపును. ఇదంతయు సెకనులో వేయింట ముప్పది నలుబది వంతులలో ముగియును. కనురెప్ప పాటునకు ఇంతకంటె ఎక్కువ కాలము పట్టును. సీటుబెల్టును బిగలాగు సాధనమును ఈ ఏర్పాటులోని భాగమే.

ఇట్టి సాధనమును వాడి పరీక్షించుటకు వీలులేదు. ఒకసారి పేలినచో అది మరల పనికిరాదు. అందుచేత నియంత్రణపేటిక ప్రతి తీగలోను అత్యల్పమైన విద్యుత్తును పంపి, దాని నిరోధమును ఎల్లప్పుడు కొలుచుకొనుచుండును. రగులుతీగ నిరోధము సాధారణముగా 2 ఓములకు అటునిటుగా ఉండును. తాళము త్రిప్పగానే దీపము వెలిగి, కొన్ని క్షణములలో ఆరిపోయినచో పరీక్షలో దోషమేమియు కనబడలేదని అర్థము. ఆరక నిలిచినచో ఎక్కడనో లోపమున్నది. ఆ స్థితిలో ప్రమాదము సంభవించినపుడు సంచి తెరచుకొనునను నమ్మకము లేదు. కారు మామూలుగనే నడచుచుండును గనుక యజమాని దానిని ఉపేక్షించును. చిక్కంతయు అందే యున్నది.

దోషభేదములు

విద్యుద్దోషములు ముఖ్యముగా నాలుగు విధములు. తీగ తెగినను, కనెక్టరు వదులైనను, చిలుము పట్టినను నిరోధము హెచ్చును. రెండు తీగలు ఒకదానినొకటి తాకినచో నిరోధము తగ్గును. తీగపై తొడుగు ఒరసిపోయి ఇనుపచట్రమునకు తగులుట మూడవది. బ్యాటరీతీగకు తగులుట నాల్గవది. ఇవిగాక, బ్యాటరీ బలహీనమైనను దీపము వెలుగవచ్చును. కావున పరీక్షకుడు మొదట చూడవలసినది బ్యాటరీనే.

దోషము దాగుటకు అనువైన తావులు రెండు. మొదటిది స్టీరింగు చక్రము క్రింద గడియారపు స్ప్రింగువలె చుట్టబడిన తీగపట్టీ. చక్రము తిరుగుచున్నను సంచికి విద్యుత్సంబంధము తెగకుండ కాపాడునది ఇదియే. హారనుతీగయు సాధారణముగా దీని గుండనే పోవును. దీపము వెలుగుటతోపాటు హారనును మూగవోయినచో ఈ పట్టీని అనుమానింపవలెను. రెండవది ముందు సీట్ల క్రింద నుండు పసుపుపచ్చని కనెక్టరు. సీటు ముందువెనుకలకు జరుగునప్పుడు దాని తీగలు లాగబడును.

చెన్నైలో ఈ రెండవ తావునకు ప్రత్యేక ప్రాముఖ్యము కలదు. 2015 డిసెంబరులో అడయారు పొంగి నగరమును ముంచినది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వేళ పళ్ళికరణై ప్రాంతమున కార్లు నీటిలో తేలిపోయినవి. నీరు కారులో జొరబడినపుడు మొదట తడియునది నేలయే. సీటుక్రింది కనెక్టరు అక్కడనే యున్నది. పెక్కు కార్లలో నియంత్రణపేటికయు నేలకు చేరువగనే బిగింపబడియుండును. తివాచీ ఆరినను కనెక్టరులోని చిలుము నెలలు గడచిన పిదప దీపమును వెలిగింపవచ్చును. కావున ‘ఈ కారు ఎప్పుడైన మునిగినదా?’ అని అడుగుట నిదానమున మొదటి ప్రశ్న కాదగినది.

పరీక్షాక్రమము

పరీక్షకుడు స్కానరును తగిలించి పేటికలో నమోదైన సంకేతమును చదువును. సంకేతము ఏ వలయమున ఎట్టి దోషమో చెప్పును గాని, ఏ వస్తువు చెడినదో చెప్పదు. ‘చోదకుని సంచి నిరోధము హెచ్చు’ అని కనబడినంతనే సంచిని మార్చుట జ్వరము చూచి రోగమును నిశ్చయించుట వంటిది.

పిమ్మట తాళము తీసి, బ్యాటరీ ఋణతీగను విడదీసి, తయారీదారుడు చెప్పినన్ని నిమిషములు వేచియుండవలెను. ప్రమాదమున బ్యాటరీ తెగిపోయినను సంచి పనిచేయుటకై పేటికలో కొంత విద్యుత్తు నిలువయుండును. అది తరుగువరకు చేయి పెట్టరాదు. సామెతలోని నిదానము ఇచ్చటనే అవసరము. సంచిని మామూలు మీటరుతో ఎన్నడును కొలువరాదు. ఆ మీటరు పంపు విద్యుత్తుకే మందు రగులుకొనవచ్చును. దానికి బదులు సంచిని వేరుచేసి, దాని స్థానమున అంతే నిరోధముగల పరీక్షాసాధనమును తగిలింతురు. మరల చూచినపుడు దోషము పోయినచో లోపము సంచిలోనున్నది. పోకున్నచో తీగలోనో, కనెక్టరులోనో, పేటికలోనో యున్నది. ఇట్లు ఒక్కొక్క భాగమును తొలగించుకొనుచు పోయిన తుదకు దోషస్థానము తేలును. బాగుచేసిన తరువాత సంకేతమును తుడిచి, చక్రమును ఇరువైపుల చివరివరకు త్రిప్పి, సీటును జరిపి, దీపము మరల వెలుగలేదని నిశ్చయించుకొనవలెను.

ఈ పని శిక్షణ పొందినవారిది. యజమాని చేయవలసినది దీపమును గమనించుట, కారు పూర్వచరిత్రను దాచక చెప్పుట.

దీపము చెప్పనివి

దీపము ఆరియున్నంతమాత్రమున అంతయు క్షేమమని తలపరాదు. టకాటా సంస్థ గాలిసంచులలోని మందు వేడికిని తేమకును క్రమముగా చెడి, పేలినపుడు లోహపు తునకలను చిమ్మి పలుదేశములలో ప్రాణములు తీసినది. మన దేశమునను అట్టి కార్లను తయారీదారులు వెనుకకు పిలిపించిరి. విద్యుద్వలయము సరిగానే యుండుటచే దీపము ఈ దోషమును తెలుపజాలదు. సముద్రతీర నగరవాసులు తమ కారు చట్రపుసంఖ్యతో ఈ విషయమును విచారించుకొనుట మంచిది.

మోసమునకును తావున్నది. పేలిన సంచి స్థానమున చిన్న నిరోధకమును తగిలించినచో పేటిక మోసపోవును, దీపము ఆరును. కొందరు దీపమునే తొలగింతురు. కావున పాతకారు కొనువారు తాళము త్రిప్పినపుడు దీపము వెలిగి ఆరుచున్నదో లేదో చూడవలెను. అసలే వెలుగనిచో అది నిరంతరము వెలుగుటకంటె ఎక్కువ అనుమానింపదగినది. వెలిగి ఆరినను, సంచులను విప్పి చూడగల నిపుణునికి ఒకసారి చూపుట యుక్తము.

దీపమును ఆర్పుట చికిత్స కాదు. దానిని వెలిగించిన కారణమును కనుగొనుటయే చికిత్స. ప్రమాదవేళ వేచిచూచుటకు ఎవరికిని కాలము చాలదు. ఆ నిదానమంతయు ముందుగనే, కారు ఇంటిముంగిట నిలిచియున్నప్పుడే, చూపవలసియున్నది.